తలుపు వైపు మూలలో బొడిపె

కర్రతో బంతులు కొట్టే పూల్ బల్లలకు గుడ్డ వేసే పనిలో నలభై ఏళ్ళు గడిపిన మనిషికి ఏ పేరు రావాలి? గుడ్డ మేస్త్రీ అనో బల్ల మేస్త్రీ అనో రావాలి. ఈయనకు మాత్రం చెంప మేస్త్రీ అని వచ్చింది. ఎవరి చెంపో పగలగొట్టాడని కాదు, ఈగను కొట్టాలన్నా రెండుసార్లు ఆలోచించే మనిషి. గుడ్డ పరిచే ముందు బల్ల మీది రాతి పలకకు, పరిచాక గుడ్డకు చెంప ఆనించి, ఈ చివర నుంచి ఆ చివర దాకా పాకుతాడు. అదీ సంగతి. ఆయన లెక్కలో చేతివేళ్ళు దొంగసాక్షులు. గుడ్డ లాగి లాగి కాయలు కాసిన వేళ్ళకు ఇసుకరేణువుకూ ఇటుకకూ తేడా తెలియదు. కళ్ళు ఇంకా అన్యాయం, మనం ఏది చూడాలనుకుంటే అదే చూపిస్తాయి. చెంప ఒక్కటే ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. అందుకని పని ఉన్న రోజు మంగలి దగ్గర కూర్చుని రెండుసార్లు గీయించుకుంటాడు. రాయికి కుడి చెంప, గుడ్డకు ఎడమ చెంప. ఒకదాని పని ఇంకోదానికి చచ్చినా చెప్పడు.

ఈ పిచ్చి బల్లల దగ్గరే ఆగి ఉంటే గొడవే ఉండేది కాదు. ఇంట్లో మంచం మీద దుప్పటిని కూడా నాలుగు వైపులా పరుపు కిందికి లాగి బిగిస్తాడు. పైన చిల్లర బిళ్ళ వేస్తే ఎగిరిపడాలి. దాని కిందికి దూరి పడుకోవాలంటే కవరులోకి ఉత్తరం దూర్చినట్టు దూరాలి. బంధువులు భోజనానికి పిలిస్తే, కూర్చునే ముందు బల్లగుడ్డకు చెంప ఆనించి చూసి పెదవి విరుస్తాడు. ఒకసారి ఏదో చిన్న ఆపరేషనుకు ఆసుపత్రిలో చేరి, పక్క సరిగా పరచలేదని కిందికి దిగి, తానే పరిచి, మళ్ళీ ఎక్కి పడుకుని, ఇప్పుడు కోయండి అన్నాడట. ఆ నర్సు ఇప్పటికీ ఆయన కనబడితే వీధి దాటి వెళుతుంది.

ఇలాంటి మనిషితో ముప్ఫై నాలుగేళ్ళు కాపురం చేసిన ఆవిడ మామూలు మనిషి కాదు. ఆవిడ మూడు దర్జీ దుకాణాలకు గుండీలు కుట్టి పెడుతుంది. రోజుకు రెండు వందల గుండీలు. ఆవిడ కుట్టిన గుండీ ఊడాలంటే ముందు చొక్కా చిరగాలని దర్జీలే అంటారు. పెద్దగా మాట్లాడదు. పొద్దస్తమానం పెదవుల మధ్య సూదో దారపు కొసో ఉంటుంది కనుక మాట్లాడే అలవాటు తప్పిపోయింది. ఆయన మాట్లాడేదే ఇద్దరికీ సరిపోతుంది.

ఆరేళ్ళ కిందట ఒక ఉదయం ఆయన పని చొక్కా తొడుక్కుంటున్నాడు. ముదురు గోధుమ రంగు గళ్ళ చొక్కా, దానికి నాలుగు కన్నాల మందపాటి గుండీలు. పై నుంచి మూడో గుండీ దారం వదులై వేలాడుతోందని, ఒక్క నిమిషం విప్పి ఇస్తే బిగించి ఇస్తానని ఆవిడ అంది. రోజూ బల్ల అంచుకు పొట్ట ఆనించి పాకుతుంటే ఏ దారమైనా అరగకుండా ఉంటుందా?

“బిగింపు గురించి నాకు చెప్తావా?” అన్నాడు ఆయన.

అనేసి, సామాన్ల సంచి భుజాన వేసుకుని, వీధి చివరి మేడమీది క్లబ్బుకు వెళ్ళాడు. మర్నాడు ఆ క్లబ్బుకూ ఎదుటి వీధి క్లబ్బుకూ ఏటేటా జరిగే పోటీ. ఆ పోటీ కోసమే కొత్త గుడ్డ. ఆయన పాత గుడ్డ ఊడబెరికాడు, అంచు పట్టెలు విప్పాడు, మూడు రాతి పలకల మధ్య సందులు మైనంతో పూడ్చి గీకాడు, రసమట్టం పెట్టి చూశాడు, కుడి చెంపతో పాకాడు. రాయి అద్దంలా ఉంది. గుడ్డ పరిచి, ఒక పక్క పిన్నులు కొట్టి, రెండో పక్కకు ఒరిగి, పొట్ట బల్లకు ఆనించి, బలమంతా పెట్టి లాగి బిగించాడు. చివరి పిన్ను కొట్టి ఎడమ చెంప ఆనించి బయలుదేరాడు. తలుపు వైపు మూలన బంతి పడే పాకెట్‌కు జానెడు దూరంలో చెంప ఆగిపోయింది.

బొడిపె.

గుడ్డ మళ్ళీ విప్పుతానన్నాడు. అప్పటికే సభ్యులు కర్రలు పట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు. క్లబ్బు కార్యదర్శి, ఆయన ఒకప్పుడు బడిలో డ్రాయింగు మాస్టారు, పోటీ అయ్యాక చూద్దాం లెమ్మన్నాడు. చేసేది లేక మేస్త్రీ ఇంటిదారి పట్టాడు. మైనం ముక్క ఉండిపోయి ఉంటుందని తీర్మానించుకుని, దారి పొడుగునా మైనం అమ్మినవాణ్ణి తిట్టాడు. ఆ రోజు నుంచి ఆ కొట్టు గడప తొక్కలేదు.

ఇంటికొచ్చి అంతా భార్యకు చెప్పాడు. ఇంత గుండ్రంగా, ఇంత ఎత్తున అని బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించాడు. ఆవిడ ఆ వేళ్ళ వంక కాసేపు చూసి మళ్ళీ కుట్టుపనిలో పడింది. అప్పుడు ఆయన చొక్కా విప్పబోతే మూడో గుండీ లేదు. ఉన్న చిరాకు కాస్తా అటు తిరిగింది. ఊరందరికీ గట్టిగా కుట్టి ఇంటి మనిషికి వదులుగా కుట్టావన్నాడు. ఇదేం దారం, ఇదేం కుట్టు అన్నాడు. ఆవిడ పెదవుల మధ్య నుంచి సూది తీసి పక్కన గుచ్చింది. అలా తీసిందంటే మాట్లాడబోతోందన్నమాట.

“ఆ గుండీ తెచ్చివ్వండి, కుడతాను. ఆ చొక్కాకు ఇంకో గుండీ మాత్రం కుట్టను.”

ఇంతే అంది. ఇంట్లో మూడు డబ్బాల నిండా గుండీలు. ఆరేళ్ళుగా ఆయన చొక్కా మధ్యలో పిన్నీసు. సంతలో, బస్సులో, పని చేసిన ప్రతి చోటా ఆ గుండీ కోసం వెతికాడు. మురుగుకాలువలో కర్ర పెట్టి కూడా కెలికాడు. ఇక్కడ మీకు ఏదో తట్టే ఉంటుంది. ఆయనకు తట్టలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికే వాళ్ళకు అంత తేలిగ్గా తడితే సామెత ఎందుకు పుడుతుంది?

పోటీ సంగతి చెప్పలేదు కదూ. మేడమీది క్లబ్బు తరఫున ఆడినవాళ్ళలో వంకర తాత ఒకడు. ఇప్పుడు ఎనభైకి రెండు తక్కువ. చేతులు వణుకుతాయి. ఆయన కొట్టిన బంతి సూటిగా వెళ్ళి అప్పటికే పన్నెండేళ్ళయిందని, జాలికొద్దీ జట్టులో ఉంచారని అందరికీ తెలుసు. ఆ రోజు తాత కొట్టిన బంతి అలవాటు ప్రకారం ఎటో బయలుదేరి, నత్తనడకన తలుపు వైపు మూలకు వచ్చి, బొడిపె తగిలి, ఏదో గుర్తుకొచ్చినట్టు ఎడమకు తిరిగి పాకెట్‌లో పడింది. మరొకటి పడింది. ఇంకొకటి పడింది. ఎదుటి వీధి వాళ్ళు సూటిగా కొట్టిన బంతులేమో అదే చోటికి వచ్చి, పాకెట్ దాకా పోయి, పక్క పట్టెకు గుద్దుకుని వెనక్కొచ్చాయి. పదేళ్ళ తరవాత క్లబ్బు గెలిచింది.

ఒక ఏడు గెలిచినవాళ్ళ బల్ల మీదే మరుసటి ఏడు పోటీ. అది మొదటి నుంచీ ఉన్న షరతు; బొడిపె వచ్చిన ఏడు మాత్రం ఎదుటి వీధి క్లబ్బు గది మరమ్మతులో ఉండి పోటీ ఇక్కడికి వచ్చింది. బొడిపె ఉంది కాబట్టి గెలిచారు, గెలిచారు కాబట్టి పోటీ అక్కడే, పోటీ అక్కడే కాబట్టి మళ్ళీ బొడిపె. అలా ఆరేళ్ళు. ఈ ఆరేళ్ళలో మేస్త్రీ ఏటా మెట్లెక్కి వెళ్ళి, ఊరికే చేసిపెడతాను, ఆ గుడ్డ విప్పనివ్వండి మహాప్రభో అని బతిమాలాడు. ఏటా వాళ్ళు టీ తాగించి పంపించారు. మిగతా నాలుగు వందల పై చిలుకు బల్లల్లో వంక పెట్టడానికి లేదు. ఈ ఒక్కటీ పానకంలో పుడకలా ఆయన గొంతులో ఉండిపోయింది. మంచం మీద ఎంత బిగించిన దుప్పటిలోకి దూరి పడుకున్నా వీపు కింద బొడిపె ఉన్నట్టే ఉండేది.

ఇప్పుడు ఆ గుడ్డ అరిగిపోయింది. బొడిపె నెత్తిన దారాలు తేలి, రేపో మాపో చిరిగేలా ఉంది. మాస్టారు స్వయంగా మేస్త్రీ ఇంటికి వచ్చి కబురు చెప్పాడు. మేస్త్రీకి పండగలా అనిపించింది. పైగా మోకాళ్ళు అరిగాయని, ఇక వంగి పని చేయకూడదని డాక్టరు ఆ వారమే చెప్పి ఉన్నాడు. ఇదే ఆఖరి బల్ల. చేసిన ఒక్క తప్పునూ చేత్తో తుడిచేసి సామాన్లు అటక మీద పెట్టేయొచ్చు. అనుకున్నాడో లేదో, మాస్టారు జేబులోంచి కాగితం తీసి చదివాడు. సర్వసభ్య సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించినది ఏమనగా, గుడ్డ మార్చవలెను, బొడిపె మాత్రం ఉన్న చోటనే, ఉన్న ఎత్తుననే ఉండవలెను. కాగితం వెనక బొడిపె పటం కూడా గీసి ఉంది. పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. డ్రాయింగు మాస్టారు కదా.

మేస్త్రీ మొహం కందగడ్డలా అయింది. తన తప్పుకు పటం గీస్తారని ఆయన కలలో కూడా అనుకోలేదు. కాదు పొమ్మంటే వేరే మేస్త్రీ వస్తాడు, ఆ బొడిపె అలాగే ఉంటుంది, పేరు మాత్రం తనదే ఉంటుంది. కాబట్టి పైకి సరేనన్నాడు. గుడ్డ విప్పగానే బొడిపెను గీకి పారేసి, పైన గుడ్డ కప్పి, ఏమీ ఎరగనట్టు దిగి వచ్చేయాలని లోపల నిశ్చయించుకున్నాడు. నలభై ఏళ్ళ పనిలో మొదటి మోసం. అదీ పని చక్కగా చేయడానికి.

గుడ్డ ఎంపికకు ఇద్దరూ కలిసే వెళ్ళారు. పాత పలచటి రకం ఇప్పుడు రావడం లేదని కొట్టువాడు ముందు దిట్టమైన ఆకుపచ్చ గుడ్డ పరిచాడు. మేస్త్రీ ఎడమ చెంప ఆనించి కళ్ళు మూసుకున్నాడు. మంచి ఉన్ని, నేత ఒత్తుగా ఉంది, నూగు ఒకే వైపుకు వాలి ఉంది. పదేళ్ళు ఢోకా లేదన్నాడు. మాస్టారు ఒప్పుకోలేదు. జేబులోంచి పది పోస్టుకార్డుల ముక్కలు తీసి ఒకదానిమీద ఒకటి పెట్టాడు. బొడిపె ఎత్తు కచ్చితంగా అంతేనట, ఎన్నోసార్లు కొలిచాడట. వాటిని గుడ్డ కింద పెట్టి, పై నుంచి బంతి దొర్లించాడు. బంతి బుద్ధిగా తిన్నగా పోయింది. ఆకుపచ్చ గుడ్డ పనికిరాదన్నాడు. నీలం గుడ్డ కిందా అంతే అయింది. బంతిని పక్కదారి పట్టించగల పలచటి గుడ్డ కొట్టు మొత్తం మీద ఒక్కటే దొరికింది. అది వంకాయ రంగు. ఎవరో పెట్టె లోపలి అస్తరు కోసం తెప్పించి వదిలేసినది. మేస్త్రీ దానికి చెంప ఆనించి, నిప్పు తగిలినట్టు వెనక్కి తీసుకున్నాడు. మాస్టారు మాత్రం మురిసిపోయాడు. కొట్టువాడు ముక్కున వేలేసుకుని కత్తిరించి ఇచ్చాడు.

పని రోజు ఉదయం రెండుసార్లు గడ్డం గీయించుకుని మేస్త్రీ మెట్లెక్కాడు. అదే గళ్ళ చొక్కా, అదే పిన్నీసు. గది మధ్యలో బల్ల. తలుపు వైపు మూలన కుర్చీ వేసుకుని వంకర తాత కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో కర్ర. బొడిపెకు కాపలా పెట్టారట. అయినా డెబ్బై ఎనిమిదేళ్ళ కాపలా ఎంతసేపు కునుకు తీయకుండా ఉంటుందిలే అని మేస్త్రీ పట్టెలు విప్పడం మొదలుపెట్టాడు. అనుకున్నట్టే మూడో పట్టె విప్పేసరికి తాత గురక మొదలైంది. మేస్త్రీ పిన్నులు ఒక్కొక్కటే చప్పుడు కాకుండా లాగాడు. చేతిలో గీకుడు కత్తి సిద్ధంగా పట్టుకుని, తలుపు వైపు మూల నుంచి గుడ్డను మెల్లగా ఎత్తాడు.

రాయి మీద మైనం లేదు. ముదురు గోధుమ రంగు గుండీ ఉంది. నాలుగు కన్నాలు, ఒక కన్నంలో తెగిన దారపు పోగు.

ఆయన కాసేపు గుండీని చూశాడు. తరవాత తన చొక్కా మధ్యలో ఉన్న పిన్నీసును చూసుకున్నాడు. మైనం కొట్టువాడు గుర్తొచ్చాడు. కెలికిన మురుగుకాలువ గుర్తొచ్చింది. ఆ ఉదయం ఒక్క నిమిషం విప్పి ఇమ్మని చెయ్యి చాచిన భార్య గుర్తొచ్చింది. ఈ ఆరేళ్ళలో ఇంటికి ఎవరొచ్చినా పిన్నీసు చూపించి, మా ఆవిడ కుట్టు ఇదండీ అని నవ్వించడం గుర్తొచ్చింది. అప్పుడు ఆవిడ కూడా అక్కడే ఉండేది, తలెత్తేది కాదు. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి. బొడిపెకు సిగ్గుపడ్డ ఆరేళ్ళ సిగ్గు దీని ముందు ఎందుకూ కొరగాలేదు.

కత్తి కింద పడ్డ చప్పుడుకు తాత లేచాడు. వచ్చి కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాడు.

“అదేనా?”

“అదే తాతగారూ.”

“ఇంత చిన్నదా?” తాత గొంతులో నిరాశ వినిపించింది. “నేనింకా ఏదో గొప్ప వస్తువు అనుకున్నా.”

మేస్త్రీ గుండీ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. ఇది తన చొక్కాదని, ఇంటికి తీసుకెళ్ళి తీరాలని చెప్పాడు. ఎందుకో కూడా చెప్పాడు, ఏదీ దాచలేదు. గీకి పారేసి మోసం చేద్దామనుకున్న సంగతి కూడా చెప్పేశాడు. తాత అంతా విని తల ఊపాడు. తప్పకుండా తీసుకెళ్ళమన్నాడు. ఆ తరవాత బల్ల వంక చూసి, చేతుల వంక చూసుకున్నాడు.

“మరి నా సంగతేంటి మేస్త్రీ? ఇది లేకపోతే నా బంతి ఎక్కడా పడదు.”

చేతులు వణుకుతున్నాయి. వాటిని కర్ర మీద ఆనించి ఆపాలని చూస్తున్నాడు, ఆగడం లేదు. తాను చేసిన పనిలో తనకు తప్ప ఇంకెవరికీ తప్పు కనబడలేదని మేస్త్రీకి అప్పుడు అర్థమైంది. తన చొక్కా అడుగు గుండీని పట్టుకుని, గీకుడు కత్తితో దారం కోశాడు. ఊడదే! కోసి కోసి నాలుగోసారికి తెగింది. ఆ కుట్టు బలం చూసి ఆయన సిగ్గు ఇంకో మెట్టు పెరిగింది.

అంతా పద్ధతి ప్రకారం చేశాడు. రాయి తుడిచి, కుడి చెంపతో పాకి, మాస్టారి పటం పక్కన పెట్టుకుని, జానెడు కొలిచి గుర్తు పెట్టాడు. ఒక బొట్టు మైనం వేసి అడుగు గుండీని అతికించాడు. మాస్టారి పోస్టుకార్డు ముక్కలు పక్కన పేర్చి ఎత్తు సరిచూశాడు. వంకాయ రంగు గుడ్డ పరిచి, నడుమ నుంచి మూలలకు లాగుతూ, ఈసారి పొట్ట ఆనించకుండా, మోకాళ్ళు మొరపెడుతున్నా వినకుండా బిగించాడు. చివరికి ఎడమ చెంప ఆనించాడు. గుడ్డంతా నున్నగా సాగింది. తలుపు వైపు మూలలో చెంప ఆగింది. ఆగాల్సిన చోటే ఆగింది. తాత కర్ర అందుకుని కొట్టాడు. బంతి ఎటో బయలుదేరి, తిరిగి తిరిగి వచ్చి, బొడిపె దగ్గర ఎడమకు మళ్ళి పాకెట్‌లో పడింది. తాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

మేస్త్రీ ఇంటికి చేరేసరికి ఇంకా ఎండ ఉంది. భార్య కిటికీ దగ్గర కూర్చుని ఎవరివో చొక్కాలకు గుండీలు కుడుతోంది. ఆయన సంచి దించి, ఆవిడ ముందు నేల మీద కూర్చుని, అరచెయ్యి తెరిచాడు. ఆవిడ గుండీని తీసుకుని వెలుతురుకు పట్టి చూసింది. పెదవుల మధ్య సూది తీసి పక్కన గుచ్చింది.

“దొరికిందా?”

“ఆ బొడిపె ఇదే. ఆ రోజు నువ్వు బిగిస్తానంటే నేనే ఇవ్వలేదు. ఆరేళ్ళు పదిమందిలో నిన్ను అన్నాను. తప్పు నాదే.”

“నాకు తెలుసు.”

“తప్పు నాదనా?”

“గుండీ అక్కడుందని. ఇంత ఉందని వేళ్ళతో చూపించారు కదా ఆ సాయంత్రం. రోజూ గుండీలు పట్టుకునేదాన్ని, ఆ మాత్రం కొలత తెలియదా?”

మరి ఆరేళ్ళూ చెప్పలేదేం అని ఆయన అడిగాడు.

“బిగింపు గురించి నాకు చెప్తావా అన్నారు. మీకెందుకు చెప్పడంలే అని ఊరుకున్నా.”

కోప్పడటానికి నోరు లేదు, నవ్వడానికి ధైర్యం చాలలేదు. ఆయన చొక్కా విప్పి ఇచ్చాడు. ఆవిడ పిన్నీసు తీసేసి మూడో గుండీ కుట్టడం మొదలుపెట్టింది. కుట్టి, దారం కొరికి, చొక్కా దులిపి చూస్తే అడుగున ఖాళీ. అదెక్కడికి పోయిందని అడిగింది. తాతగారికి ఇచ్చానన్నాడు. ఆవిడ డబ్బా తెరిచి, వెతికి, ఒక తెల్ల గుండీ తీసింది. ఆ చొక్కాకు ఇంకో గుండీ కుట్టనన్నావు కదా అని ఆయన గుర్తు చేయబోయి, జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాడు.

ఆవిడ రెండోది కూడా కుట్టి చొక్కాను ఒళ్ళో పరిచింది. ఆయన అలవాటు చొప్పున ముందుకు వంగి, గుడ్డ కదా, ఎడమ చెంప ఆనించాడు. ఆరేళ్ళుగా పిన్నీసు ఉన్న చోట చెంప ఆగింది. ఆవిడ కదలలేదు. ఆయన కూడా తల ఎత్తలేదు.

“బొడిపె ఉంది,” అన్నాడు.

“ఉండనివ్వండి,” అంది ఆవిడ.